సముద్రంలో గాలం వేటకు ఏ దీవి? అండమానా, లక్షద్వీపా, ఉడుపి తీరమా: పాలమూరు, నల్లగొండ వాళ్ల కోసం

జూరాల దగ్గరో, సోమశిల రేవులోనో, పానగల్లు ఉదయ సముద్రం కట్ట మీదో గాలం వేసే అలవాటున్న వాళ్లకు ఏదో ఒక రోజు సముద్రం మీదికి మనసు పోతుంది. బొచ్చె, రవ్వ, కొర్రమీను పట్టిన చేతికి ఇరవై ముప్పై కిలోల చేప లాగితే ఎట్లుంటుందో చూడాలనిపిస్తుంది. అప్పుడు అందరూ అడిగేది ఒకటే. అండమాన్ పోవాల్నా, లక్షద్వీప్ పోవాల్నా, లేక రైలెక్కి ఉడుపి వైపు పోతే సరిపోతదా? నా లెక్కలో దీవిని ఎంచుకోవడం రెండో పని. మీకు సెలవు ఏ నెలలో దొరుకుతుందో తేల్చుకోవడం మొదటి పని. ఆ నెలలో ఏ సముద్రం నెమ్మదిగా ఉంటుందో అటే పోవాలి.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, మనకు సముద్రపు వాన అలవాటు లేదు. పాలమూరులో ఏడాది పొడుగునా పడే వాన కలిపినా ఆరేడు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. లక్షద్వీప్‌లో అది 1600 దాకా, అండమాన్‌లో 3000 దాకా, ఉడుపి తీరంలో దాదాపు 4000 ఉంటుంది. వాన పడ్డా చేప ఎరను కొరుకుతుంది, రెయిన్ కోటు వేసుకుని గాలం వేయొచ్చు. పని చెడగొట్టేది వాన వెంట వచ్చే గాలి. గాలికి అల లేస్తే పడవ రేవు దాటదు. టికెట్లు, హోటలు, పడవ అడ్వాన్సు అన్నీ కట్టి కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

మన సెలవులు, ఆ సముద్రాలు

దసరా సెలవుల్లో పోవాలనుకుంటే అండమాన్ వద్దు. నైరుతి రుతుపవనాలు పోయేటప్పుడు, ఈశాన్య రుతుపవనాలు వచ్చేటప్పుడు, రెండుసార్లూ అక్కడ వాన పడుతుంది. అక్టోబర్, నవంబర్‌లలో బంగాళాఖాతంలో అల్పపీడనాలు మొదలవుతాయి. అదే సమయానికి పడమటి తీరం తేరుకుంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దంచిన వాన తగ్గి, లక్షద్వీప్‌కు రాకపోకలు మామూలవుతాయి, ఉడుపి పడవలు మళ్లీ తిరుగుతాయి.

వానకాలం వరి కోసి, వడ్లు అమ్మి, యాసంగి నాట్లకు ముందు దొరికే ఖాళీ, అంటే నవంబర్ చివర, డిసెంబర్ మొదలు, రైతు కుటుంబాల వాళ్లకు బాగా వీలైన సమయం. కానీ తుపాన్లకు కూడా అదే సమయం. 2016 డిసెంబర్‌లో వాతావరణం చెడి అండమాన్‌లోని హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుకుంటే నౌకాదళం, కోస్ట్ గార్డ్ వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. అరేబియా సముద్రం వైపు ఏ భయమూ లేదని కూడా అనుకోవద్దు. మరుసటి ఏడాది ఓఖీ తుపాను లక్షద్వీప్‌నే తాకింది. ఆ రోజుల్లోనే పోక తప్పకపోతే విమానం మారే పని, దీవి నుంచి దీవికి ఫెర్రీ పట్టుకునే పని తక్కువగా ఉండే ఉడుపి వైపు చూడండి.

సంక్రాంతి దాటాక మూడు దారులూ తెరుచుకుంటాయి. జనవరిలో అండమాన్‌లో ఈశాన్య గాలి కొంచెం ఎక్కువగానే ఉంటుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సముద్రం బాగా నెమ్మదిస్తుంది. నన్ను అడిగితే ఈ మూడు నెలలకు మించినవి లేవు.

ఎండాకాలం సెలవుల దగ్గరే టీచర్లు, పిల్లలున్న వాళ్లు మోసపోతారు. బడులకు సెలవులిచ్చేది ఏప్రిల్ చివర్లో. నైరుతి రుతుపవనాలు మే మూడో వారానికల్లా అండమాన్ తాకుతాయి, జూన్ 1 అటూ ఇటుగా కేరళకు వస్తాయి. అంటే మీ చేతిలో ఉన్నది సెలవుల మొదటి పది పదిహేను రోజులే. పైగా తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా చేపల వేట నిషేధం ఉంటుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టిన నిబంధన ఇది. అండమాన్‌లోనూ ఏప్రిల్ 15 నుంచి మే నెలాఖరు దాకా ఆంక్షలుంటాయి. ఇవి ముఖ్యంగా ట్రాలర్ల లాంటి యాంత్రిక పడవల కోసం పెట్టినవే. అయినా మీరెక్కే పడవకు ఎంతవరకు వర్తిస్తాయో అడ్వాన్సు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి.

జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యే సెలవు దొరికితే ఏ దీవికీ పోవద్దు. ఆ డబ్బు దాచిపెట్టి సాగర్ వైపో, కొల్లాపూర్ దగ్గరి శ్రీశైలం బ్యాక్‌వాటర్ వైపో పోండి. గేట్లు ఎత్తే రోజుల్లో మాత్రం ప్రాజెక్టు దిగువన నీళ్లలోకి దిగకండి.

అండమాన్: పెద్ద చేప కావాలంటే

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, రెండున్నర గంటల ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది, హేవ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్. బుకింగ్‌లలో పాత, కొత్త పేర్లు రెండూ కనిపిస్తాయి, కంగారు పడకండి. భారతీయులకు ఈ మామూలు పర్యాటక దీవులకు ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు. భాష ఇబ్బంది కూడా తక్కువే. 2011 జనగణనలో అక్కడ బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాలు చాలా ఉన్నాయి. రేవులో ఒక పెద్దాయన మబ్బు వైపు చూసి "ఇవాళ బయటకు వద్దు బాబూ, లోపలి వైపే తిరుగుదాం" అంటే మారు మాట్లాడకుండా వినాలి. పడవ నడిపే వాళ్లకు గాలి సంగతి తెలిసినంతగా మనకు తెలియదు.

ఇక్కడికి జనం వచ్చేది ముఖ్యంగా జీటీ కోసం. జెయింట్ ట్రెవల్లీని పొట్టిగా అట్లా అంటారు. మన కోస్తా వాళ్లు పార అనే జాతిలో ఇదే పెద్దది. నలభై కిలోలు దాటినవి కూడా పడతాయి. ప్రపంచ రికార్డు 72.8 కిలోలు, 2006లో జపాన్‌లో పట్టారు. దీన్ని పట్టే పద్ధతిని పాపింగ్ అంటారు. నూట యాభై గ్రాముల బరువుండే కొయ్య ఎరను పగడపు దిబ్బ వైపు దూరంగా విసిరి, కడ్డీని ఒక్క గుంజు గుంజుతారు. ఎర మూతి నీళ్లను తోసి 'బ్లాప్' మని చప్పుడు చేస్తుంది. మళ్లీ గుంజడం, మళ్లీ విసరడం. గంటల తరబడి ఇదే పని. చేప వచ్చినప్పుడు నీళ్లు పేలినట్టు లేస్తాయి. మరుక్షణం అది పగడపు దిబ్బ కిందికి దూరాలని చూస్తుంది. మొదటి పది సెకన్లలో దాన్ని ఆపలేకపోతే దారం రాయికి కోసుకుపోతుంది. అందుకే రీల్ బ్రేకు ముందే బిగించి ఉంచుతారు, నడుముకు బెల్టు కట్టుకుంటారు. బ్రేకు అంత గట్టిగా ఉన్నప్పుడు తడి డెక్కు మీద కాళ్లు నిలదొక్కుకోవడం తెలియాలి. జారని చెప్పులు లేకుండా పడవ ఎక్కొద్దు.

భుజం నొప్పో, నడుము నొప్పో ఉన్నవాళ్లు పాపింగ్ జోలికి పోకండి. ట్రోలింగ్ అడగండి. పడవ కదులుతూ ఉంటే వెనుక ఎరలు వాటంతట అవే సాగుతాయి, చేప పడ్డాకే మీ పని మొదలవుతుంది. కొమ్ముకోనం, వాహూ, ట్యూనా ఇట్లనే దొరుకుతాయి. మధ్య రకం జిగ్గింగ్. లోహపు ఎరను నిలువుగా లోతుకు దింపి ఎగరేస్తూ పైకి తెస్తారు. డాగ్‌టూత్ ట్యూనా, గ్రూపర్‌ల కోసం ఇది. చేతులకు పని గట్టిగానే పడుతుంది కానీ పాపింగ్ అంత అలసట ఉండదు.

ఈ దీవుల్లో వేయకూడని చోట్లు చాలా ఉన్నాయి. వండూర్ దగ్గరి మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కు, హేవ్‌లాక్ దగ్గరి రాణీ ఝాన్సీ మెరైన్ నేషనల్ పార్కు రెండింటిలోనూ వేట నిషిద్ధం. ఉత్తర సెంటినెల్ దీవి చుట్టూ 5 నాటికల్ మైళ్ల లోపలికి పోవడమే నేరం. నికోబార్ దీవులు పర్యాటకులకు లేవు. "అక్కడైతే చేప బాగా పడుతుంది, ఎవరూ చూడరు" అనే పడవ దొరికితే దిగిపోండి. ఇంకొకటి, మడ అడవుల వాగుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి. చెరువులో మోకాళ్ల లోతుకు దిగి గాలం వేసే మన అలవాటు అక్కడ పనికిరాదు.

బ్యారెన్ ఐలాండ్ గురించి అందరూ అడుగుతారు. దేశంలో ఇప్పటికీ మండుతున్న అగ్నిపర్వతం అదొక్కటే. పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా 135 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. చుట్టూ నీళ్లు నిటారుగా లోతుకు దిగుతాయి కాబట్టి చేప పెద్దది. కానీ మొదటిసారి పోయే వాళ్లకు వద్దనే చెప్తాను. దూరం ఎక్కువ, ఖర్చు ఎక్కువ, మధ్యలో గాలి తిరిగితే తలదాచుకునే చోటు లేదు.

లక్షద్వీప్: ఓపిక ఉన్నవాళ్లకు

36 దీవులు, అందులో జనం ఉండేవి 10. అడుగు పెట్టాలంటే అక్కడి పాలనా యంత్రాంగం ఇచ్చే ప్రవేశ అనుమతి తప్పనిసరి. సాధారణంగా రిసార్టో, ప్యాకేజీ వాళ్లో ఆ పని చూస్తారు, అయినా కాగితాలకు సమయం పెట్టుకోవాలి. దారి కొచ్చి మీదుగా. నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. శబరి ఎక్స్‌ప్రెస్ మీ స్టేషన్ల మీదుగానే ఎర్నాకుళం పోతుంది. అక్కడి నుంచి అగత్తికి చిన్న విమానం లేదా ఓడ.

ఆ చిన్న విమానమే గాలం వాళ్లకు పెద్ద తలనొప్పి. పొడుగు కడ్డీల పెట్టె ఎక్కించుకుంటారో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. రెండు మూడు ముక్కలుగా విడదీసే కడ్డీలైతే టెన్షన్ ఉండదు.

ఇక్కడి గొప్పతనం నీళ్ల తీరు. పగడపు దిబ్బ గోడలా అడ్డం ఉండటంతో లోపలి ఉప్పునీటి మడుగు (లగూన్) చెరువంత నెమ్మదిగా ఉంటుంది. దిబ్బ దాటగానే లోతు. అండమాన్‌లో లాగా గంటలకొద్దీ పడవలో పోకుండానే చేప దగ్గరికి చేరుకోవచ్చు. కుటుంబంతో పోయే వాళ్లకు, పడవ ఎక్కితే కడుపులో తిప్పే వాళ్లకు ఇది బాగా నప్పుతుంది. మందు దొరకదు, బంగారం అనే దీవిలోని రిసార్టు మినహా అంతటా నిషేధమే. గాలం కోసం వచ్చిన వాళ్లకు అది లోటు కాదనుకుంటాను.

వీలైతే అక్కడి వాళ్లు ట్యూనా పట్టే పద్ధతి చూసి రండి. వలలు ఉండవు. పడవలో బతికున్న చిన్న చేపలను నీళ్లలో పెట్టుకుని పోతారు. స్కిప్‌జాక్ ట్యూనా గుంపు కనిపించగానే ఆ చిన్న చేపలను విసురుతారు, పైనుంచి నీళ్లు చిమ్ముతారు. వానచినుకులు పడ్డట్టు నీటి పైభాగం చెదిరి గుంపు మత్తెక్కినట్టు పైకి వస్తుంది. పడవ వెనుక వరసగా నిలబడ్డ మనుషులు ముల్లు లేని కొక్కెం కట్టిన కడ్డీలతో ఒక్కొక్క చేపనూ తలమీదుగా ఎగరేసి డెక్కు మీద వేస్తారు. ముల్లు లేదు కాబట్టి చేప దానంతట అదే విడిపోతుంది, కొక్కెం మళ్లీ నీళ్లలోకి. మినికాయ్ వాళ్ల మాస్ అనే ఎండు ట్యూనా ఇట్లా పట్టిన చేపతోనే తయారవుతుంది.

ఉడుపి, మురుడేశ్వర్: జేబు చూసుకునే వాళ్లకు

మహబూబ్‌నగర్, గద్వాల వాళ్లకు ఇది అందుబాటులో ఉన్న సముద్రం. రైల్లో బెంగళూరు పోయి, అక్కడ రాత్రి పంచగంగ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉడుపి, మురుడేశ్వర్ మీదుగా కార్వార్ పోతుంది. కానీ సకలేశ్‌పుర ఘాట్‌లో వానాకాలం కొండచరియలు విరిగి రైళ్లు ఆగుతుంటాయి, ఇది కూడా అక్టోబర్ దాటాక పోవడానికి ఇంకో కారణం.

ఇక్కడ జీటీ ఆశ పెట్టుకోవద్దు. ఇక్కడి బలం నది సముద్రంలో కలిసే చోట్లు. మల్పె దగ్గరి కోడి బెంగ్రెలో సువర్ణా, సీతా నదులు, హొన్నావర దగ్గర శరావతి, కార్వార్ దగ్గర కాళి. పండుగప్ప ఆటు పోటు మారే వేళల్లో ఈ ముఖద్వారాల దగ్గర ఎరకు వస్తుంది. పోటు నీళ్లు లోపలికి వచ్చేటప్పుడు, మళ్లీ తీయడం మొదలైనప్పుడు ఆ గంట గంటన్నరే అసలు సమయం. మధ్యాహ్నమంతా గాలం పట్టుకుని కూర్చుంటే ఎండ తప్ప ఏమీ దొరకదు. సోమశిల దగ్గర వాడే కడ్డీ, రీలు చాలా వరకు ఇక్కడ పనికొస్తాయి, దారం మాత్రం కొంచెం గట్టిది ఎక్కించుకోండి.

మల్పె నుంచి సెయింట్ మేరీస్ దీవులు, మురుడేశ్వర్ నుంచి నేత్రాణి చూడొచ్చు. మొదటిది నిలువు స్తంభాల్లాంటి నల్లరాళ్లకు, రెండోది స్కూబా డైవింగ్‌కు పేరు. వాటి కోసం ఒక పూట కేటాయించండి. గాలం వేయడానికి మాత్రం నదీముఖాలే మంచివని నా అభిప్రాయం.

మాల్దీవుల మాట కూడా కొందరు ఎత్తుతారు. భారతీయులకు వీసా అక్కడ దిగాకే ఇస్తారు, జీటీ వేట గొప్పగా ఉంటుంది. కానీ ఆ ఖర్చుతో అండమాన్ రెండుసార్లు పోయి రావొచ్చనేది నా లెక్క. అండమాన్‌లో చేయి తిరిగాక ఆలోచించండి.

నేనైతే ఎవరికి ఏది చెప్తానంటే

సముద్రం ఎప్పుడూ చూడని వాళ్లు, ఒక్కరే పోయే వాళ్లు, వారం లోపు సెలవున్న వాళ్లు ఉడుపితో మొదలుపెట్టండి. ముగ్గురు నలుగురు స్నేహితులు కలిసి పోతుంటే అండమాన్. ఎందుకంటే అక్కడ పడవ కిరాయి మనిషికి కాదు, రోజుకు. నలుగురు పంచుకుంటే నాలుగో వంతే. ఒక్కరే పోతే మొత్తం మీ మీదే పడుతుంది. ఇంట్లో వాళ్లను వెంట తీసుకుపోతే, పిల్లలు కూడా నీళ్లలో ఆడుకోవాలంటే లక్షద్వీప్. అండమాన్‌లో గాలం వాళ్లు తెల్లవారక ముందే పోయి సాయంత్రానికి వస్తారు. అక్కడ అయిదున్నరకే చీకటి పడుతుంది కూడా. ఇంట్లో వాళ్లు హోటల్లో ఒంటరిగా ఉండిపోతారు.

ఎక్కడికి పోయినా వేటకు అనుకున్న రోజుల మీద కనీసం రెండు రోజులు ఎక్కువ పెట్టుకోండి. ఆఖరి రోజు వేట పెట్టుకుని మర్నాడు పొద్దున విమానం ఎక్కే ప్లాను మాత్రం వద్దు. గాలి ఒక్క రోజు తిరిగితే అంతా తలకిందులవుతుంది.

సామాను, వాన, చేప

సామాను విషయంలో విమానం వాళ్ల 15 కిలోల పరిమితి ముందు గుర్తుకు రావాలి. జిగ్గింగ్ ఎరలు ఒక్కొక్కటి 100 నుంచి 300 గ్రాములు. పది ఎరలే మూడు కిలోల దాకా తూగుతాయి, రీళ్ల బరువు వేరే. కొక్కేలు, ఎరలు చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టాలి, చేతి సంచిలో ఉంటే భద్రతా తనిఖీలో తీసిపడేస్తారు. మొదటిసారైతే కడ్డీ, రీలు పడవ వాళ్లవే అద్దెకు తీసుకోండి. మీవి తీసుకుపోవాల్సినవి చేతి గ్లవ్స్, నీళ్ల మెరుపును ఆపే పోలరైజ్డ్ కళ్లద్దాలు, ప్యాంటు, కోటు వేర్వేరుగా ఉండే రెయిన్ సూటు, ఫోను కోసం నీళ్లు దూరని సంచి. గొంగడిలా కప్పుకునే రెయిన్ కోటు పడవ మీద గాలికి లేచి కడ్డీకి చుట్టుకుంటుంది. సొంత రీలు వాడితే ప్రతి సాయంత్రం మంచినీళ్లతో మెల్లగా కడిగి ఆరబెట్టండి. ఉప్పు ఒక్క రాత్రి ఉన్నా బేరింగులు పాడవుతాయి.

కడుపులో తిప్పే వాళ్లు డాక్టర్‌ను అడిగి మాత్ర తెచ్చుకోండి. అది పడవ ఎక్కే ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక పని చేయదు.

వాతావరణం కోసం మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ రోజూ ఇచ్చే అలల ఎత్తు, గాలి వేగం అంచనాలు చూడండి. మత్స్యకారులు వాడేది కూడా అదే. ఉరుము వినిపిస్తే కార్బన్ కడ్డీలు వెంటనే కిందికి దించి పడుకోబెట్టండి, వాటికి కరెంటు పాకే గుణం ఉంది. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ, రేడియో లేని పడవ ఎంత చవకైనా వద్దు. ఆపదలో కోస్ట్ గార్డ్ నంబరు 1554.

పట్టిన పెద్ద జీటీని, పెద్ద గ్రూపర్‌ను వదిలేయండి. గుడ్లు పెట్టే వయసుకు రావడానికే వాటికి ఏళ్లు పడుతుంది. వదిలే చేపను డెక్కు మీద పొర్లించకుండా, తడి చేతులతో రెండు చేతులా పట్టుకుని, తల నీళ్ల ప్రవాహం వైపు పెట్టి, తోక బలంగా కొట్టేదాకా ఆగండి. జెయింట్ గ్రూపర్, వేల్ షార్క్, తాబేళ్లు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పొరపాటున తగిలితే దారం తెంపి వదలాలి. తినడానికి వంజరమో, ఒక చిన్న ట్యూనానో చాలు. బస చేసిన చోట ఇస్తే వండిపెడతారు. పగడపు ముక్క ఒక్కటి కూడా సంచిలో వేసుకోకండి, చచ్చిపోయి ఒడ్డుకు కొట్టుకొచ్చినదైనా నేరమే.

అడ్వాన్సు పంపే ముందు పడవ వాళ్లను ఇవి అడగండి: మత్స్య శాఖ లైసెన్సు ఉందా, గాలి వల్ల పడవ కదలకపోతే డబ్బు తిరిగిస్తారా లేక ఇంకో రోజు ఇస్తారా, డీజిల్ కిరాయిలోనే ఉందా, ఒక పడవలో ఎందరు గాలం వేస్తారు. పాపింగ్‌కైతే ఒకేసారి ఇద్దరికి మించి విసరడానికి చోటుండదు, ఆరుగురిని ఎక్కిస్తామంటే ఒప్పుకోవద్దు. జవాబులు ఫోన్లో విని సరిపెట్టుకోకుండా వాట్సాప్‌లో రాసి పంపమనండి.